బూంది కాదు, బతుకమ్మ

మా కాలనీ రామాలయం భజన మండలి కీబోర్డును కాలబెట్టింది నేనే. ఈ ముక్క మండలిలో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వినాయక చవితి అయిన మూడో రాత్రి. హన్మకొండలో మా గల్లీ మండపం. భజన మొదలుపెట్టే వేళకు కీబోర్డు అడాప్టర్ కనిపించలేదు. (మా దగ్గర కీబోర్డు ఏ కంపెనీదైనా దాన్ని 'క్యాషియో' అనే అంటారు. ఇక్కడ కంపెనీతో పనిలేదు.) ఎవరో పక్కింట్లోకి ఉరికి సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పట్టుకొచ్చారు. పిన్ను చక్కగా దూరింది. దూరింది కదా అని స్విచ్ వేశాను. లోపల 'టప్' మన్నది. సన్నగా కాలిన వాసన వచ్చింది గానీ పక్కనే ఊదుబత్తులు గుప్పుమంటున్నాయి కాబట్టి నాకు తప్ప ఎవరి ముక్కుకూ తగల్లేదు. పెద్ద సెల్లులు 6 తెప్పించి వేసి చూశాం. అలికిడి లేదు, సెల్లులు మాత్రం రెండు నిమిషాల్లో వేడెక్కాయి. "కరెంటు ఎక్కువ తక్కువైనట్టుంది" అన్నారు మండలి పెద్దాయన. అవునన్నట్టు తలూపి తాళాలు అందుకున్నాను.

ఇంటికొచ్చాక సెల్‌ఫోన్ లైటు వేసి రెండింటి మీదున్న గుర్తులు చదివాను. మధ్యలో చుక్క, చుట్టూ సగం వలయం, అటొకటి ఇటొకటి ప్లస్సు, మైనస్సు: అడాప్టర్ల మీద కనిపించే ఆ చిన్న బొమ్మను అంతకుముందు ఏనాడూ పట్టించుకోలేదు. సెట్‌టాప్ బాక్సుది 12 వోల్టులు, పిన్ను లోపల ప్లస్. కీబోర్డుకు కావలసింది 9 వోల్టులు, లోపల మైనస్. పాత కీబోర్డులు చాలావాటికి ఇట్లా తిరగేసి ఉంటుంది. అంటే వోల్టేజీ ఎక్కువ ఇవ్వడమే గాక, తలకిందులుగా ఇచ్చాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. సెకండియర్ పిల్లలకు ఏటా సెమీకండక్టర్ల పాఠంలో ఫార్వర్డ్ బయాస్, రివర్స్ బయాస్ (అంటే ప్లస్సు, మైనస్సు సరిగ్గా పెట్టడం, తిరగేసి పెట్టడం) బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్తాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే పట్టలేదు.

మర్నాడు ఒక షాపుకు తీసుకుపోయాను. ఆ అబ్బాయి విప్పను కూడా విప్పలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "బోర్డు పోయింది మేడం, దొరకదు, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. సెల్లులు వేడెక్కిన సంగతి చెప్పినా వినిపించుకోలేదు. తర్వాత తెలిసింది, రోగమంతా ఆ ఒక్క ముక్కలోనే ఉందని.

మా ల్యాబ్ అటెండర్ దారి చూపించాడు. "కాశిబుగ్గల ఒక కాక ఉన్నడు మేడం. మన ల్యాబు పవర్ సప్లయిలన్నీ ఆయన బాగుచేసినయే." దసరా సెలవులు ఇచ్చిన రోజే కీబోర్డును చీరలో చుట్టి ఆటోలో వేసుకుని పోయాను.

కాక కొట్టు వెడల్పు రెండు చాపలంత. గోడ నిండా చచ్చిన టీవీలు, మైక్ సెట్ల ఆంప్లిఫయర్లు. ఆయన నల్లద్దాలు పెట్టుకుని కూచున్నాడు. "కన్ను ఆపరేషన్ అయింది మేడం. నెల దాక పొగల వంగి పని చెయ్యొద్దన్నరు. బతుకమ్మ గిరాకంతా ఆగింది. ఏం చేద్దు?" అన్నాడు. నేను తెచ్చింది వెనక్కి తీసుకుపోవాలా అని నిలబడ్డాను. ఆయనే మళ్ళీ అన్నాడు. "మీరు చేస్తనంటె నేను కూసొని చెప్త."

ఇరవై ఏళ్ళుగా ఓమ్ నియమం చెప్తున్నాను గానీ సోల్డరింగ్ ఐరన్ (లోహపు తీగను కరిగించి అతికించే వేడి కడ్డీ) ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ మాట చెప్పడానికి కాస్త సిగ్గేసింది. ఆయన నవ్వలేదు. టేబుల్ కింద నుంచి ఒక పాత టీవీ బోర్డు తీసి నా ముందు పడేసి, "ముందుగాల దీని మీద 50 టాకాలు. నీ క్యాషియో రేపు ఎల్లుండి" అన్నాడు. టాకా అంటే ఒక్కో అతుకు. మీరు నుంచి నువ్వులోకి అప్పుడే దిగిపోయాడు. మూడో రోజుకు బిడ్డా అయ్యాను.

మొదటి గంట ఏం చేసినా అతకలేదు. 25 వాట్ల ఐరన్. దాని మొన నల్లగా మాడి ఉంది. లెడ్డు తీగ (సోల్డర్ వైరును కొట్టులో ఎవరూ సోల్డర్ అనరు, లెడ్డే) మొనకు తాకిస్తే కరిగి, గుండ్రంగా ముద్దకట్టి, జారి నా చీర కుచ్చిళ్ళ మీద పడేది. మొన శుభ్రంగా లేకపోతే వేడి దాటదు. తడి స్పాంజి మీద తుడవాలి, వెంటనే కొంచెం లెడ్డు పూసి మెరిసేట్టు చెయ్యాలి, పని ఆపి పక్కన పెట్టేటప్పుడు కూడా ఆ పూత ఉంచే పెట్టాలి. ఇది కుదిరాక అతకడమైతే అతికింది. కానీ నేను ఐరన్‌ను పెన్ను ఒత్తినట్టు ఒత్తుతున్నాను, లెడ్డు తీగను మాత్రం మొన మీద పెట్టి కరిగించి ఆ చుక్కను తీసుకుపోయి బోర్డు మీది భాగాల కాలు (బయటికి వచ్చే తీగ) మీద వేస్తున్నాను. చూడ్డానికి అన్నీ గుండ్రంగా, నున్నగా, ముద్దుగా వచ్చాయి. బాగానే వచ్చాయనుకుని చూపించాను.

కాక నల్లద్దాలు కొంచెం పైకెత్తి చూశాడు. చిన్న ప్లాస్‌తో ఒక కాలును పట్టి లాగితే అది చుక్కలోంచి ఊడి వచ్చేసింది.

"బూంది చేసినవ్. మనకు బూంది కాదు, బతుకమ్మ కావాలె."

ఆ ఒక్క మాటతో నాకు సగం పని వచ్చింది. మంచి టాకా కింద వెడల్పుగా బోర్డు మీది రాగి రేకు మీద పరుచుకుని, పైకి పోయే కొద్దీ సన్నబడుతూ కాలును అంటుకుని ఉండాలి. అచ్చం తాంబాళంలో పేర్చిన బతుకమ్మ వాటం. బూంది గింజలా పైన కూచుందంటే లెడ్డు రాగిని తడపలేదని అర్థం. ఆయన మొత్తం పద్ధతి రెండు వాక్యాల్లో చెప్పాడు. "లెడ్డును ఐరన్‌కు తినిపియ్యకు. రాగికి, కాలుకు రెండిటికి వేడి తగలనియ్యి, అప్పుడు లెడ్డు చూపెట్టు, అదే తాగుతది." లెక్కేసి చూస్తే ఒక్కో టాకాకు రెండు మూడు సెకన్లు. అంతకు తక్కువైతే బూంది, ఎక్కువైతే బోర్డు మాడుతుంది.

సాయంత్రానికి 50 అయ్యాయి, అందులో బతుకమ్మలు 12. ఎడమ చేతి చూపుడు వేలికి బొబ్బ కూడా అయింది. టేబుల్ మీద నుంచి దొర్లుతున్న ఐరన్‌ను గబుక్కున పట్టుకున్నాను. పడిపోయేదాన్ని చెయ్యి ఆలోచించకుండా పట్టుకుంటుంది మరి. "పడనియ్యి, అది పడితే రెండు వందలు, నువ్వు పడితే నాకు పరేషాన్" అని కాక ఒక మగ్గు నీళ్ళు ముందు పెట్టాడు. వేలు అందులో పెట్టుకుని అరగంట కూచున్నాను.

ఆ అరగంటలో నాకు తెలిసిన సంగతొకటి ఆయనకు చెప్పి కొంచెం పరువు నిలబెట్టుకున్నాను. ఆ లెడ్డులో 60 పాళ్ళు తగరం, 40 పాళ్ళు సీసం. విడిగా తగరం 232 డిగ్రీల దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. కలిపితే మాత్రం 183 దగ్గర మెత్తబడి 190కల్లా నీరైపోతుంది, రెండిటికన్నా తక్కువలో. కాక శ్రద్ధగా విని, "గందుకేనా" అని, "అయితే అది నోట్లె పెట్టకు, తిండికి ముందు చేతులు సబ్బుతోని కడుక్కో" అన్నాడు. లేచే పొగ సీసం పొగ కాదు. తీగ మధ్యలో ఉండే రోజిన్ పొగ, వయోలిన్ కమానుకు రుద్దే రోజిన్ లాంటిదే. అయినా పీలిస్తే గొంతు మండుతుంది, అందుకే పక్కకు చిన్న ఫ్యాను. ఇంటికి పోయాక అమ్మ నా కొంగు వాసన చూసి "ఎక్కడి నుంచి సాంబ్రాణి వాసన?" అని అడిగింది.

తర్వాతి రెండు రోజులూ మైక్ సెట్ల వైర్లు చేశాను. బతుకమ్మకు పాటలు పెట్టేవాళ్ళు తెచ్చినవి. లావు జాక్‌ను వీళ్ళు పి-38 అంటారు, సెల్‌ఫోన్‌కు పట్టే సన్నదాన్ని ఈపీ పిన్ను అంటారు. లావు జాక్‌లో మొన దగ్గరి రేకుకు లోపలి తీగ, పొడుగు రేకుకు చుట్టూ అల్లిన జాలీ తీగ. సులువే. మొదటిది అతికించి, మురిసిపోయి, మూత బిగిద్దామని చూస్తే మూత టేబుల్ మీదే ఉంది. అది ముందే వైరుకు తొడగాలి. ఊడదీసి, మూత తొడిగి, మళ్ళీ అతికించాను. రెండోదానికీ మరిచిపోయాను. నాలుగోదానికి కూడా. ఇప్పుడు ఐరన్ స్విచ్ వేసే ముందే మూత తొడిగి, పైన బట్టలకు పెట్టే క్లిప్పు పెడుతున్నాను.

అందులో ఒక వైరు ఆంప్లిఫయర్‌కు పెట్టగానే గుయ్యిమని మోత మొదలైంది. జాలీ తీగ టాకా బూంది అయి వదిలింది. మన ఇళ్ళలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దాని రెట్టింపు 100. హార్మోనియం మీద సా ను సి లో పెడితే ఈ మోత మంద్ర పంచమం (కింది స్థాయి పా) కంటే రవ్వంత పైన పలుకుతుంది. భజనలో ఇన్నేళ్ళుగా వింటున్న ఆ మోతకు స్వరం కట్టడం అదే మొదటిసారి. అందుకే మా వాళ్ళు పంచమం పట్టేటప్పుడల్లా కొంచెం పైకి జారుతారేమో అని అనుమానం. ఇది నిరూపించలేను.

ఐదో రోజు కీబోర్డు విప్పాం. అడుగున 28 మరలు, మూడు పొడవులు. పొడుగు మర పొట్టిదాని చోట బిగిస్తే పైకి పొడుచుకుని వస్తుందని కాక చెప్తే ఇంటి నుంచి ఇడ్లీ ప్లేటు తెచ్చి గుంటకో రకం వేశాను. మూత లేపితే లోపల అక్షింతలు. గుప్పెడు ఉంటాయి. పసుపు, కుంకుమ, ఎండిన బంతి రెక్కలు, ఒక అర్ధరూపాయి బిళ్ళ కూడా. పదేళ్ళుగా దేవుడితో పాటు దీనికీ పూజ అందుతోందన్నమాట. బ్రష్షుతో అంతా దులిపాం. కీబోర్డు మెట్ల (కీల) కింద రబ్బరు పట్టీలను, అవి తాకే నల్ల చుక్కలను స్పిరిట్‌తో తుడిచాను.

ఇక అసలు పని. మల్టీమీటర్‌ను బీప్ మీద (రెండు ముల్లుల మధ్య కరెంటుకు దారి ఉంటే కూస్తుంది) పెట్టి అడాప్టర్ దూరే సాకెట్ వెనకాల ప్లస్, మైనస్‌ల మధ్య తాకిస్తే మొదట మౌనం. సాకెట్ పక్కనే ఉన్న బుల్లి ఫ్యూజు దాటి అవతల తాకిస్తే బీప్. ముల్లులు అటూఇటూ మార్చినా బీప్. "అడ్డం బడ్డదెవరు?" అన్నాడు కాక. అక్కడ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఒక నల్ల డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే ముక్క) ఉంది. ఎవరైనా అడాప్టర్ తిరగేసి పెడితే కరెంటును తన మీదుగా పోనిచ్చి మిగతా బోర్డును కాపాడటానికే దాన్ని పెడతారు. నేను తిరగేసి పెట్టాను. అది తన పని తాను చేసి, కాలి, రెండు వైపులా ఒకటైపోయింది. ఫ్యూజు కూడా పోయింది. సెల్లులు వేడెక్కింది కూడా అందుకే: కరెంటంతా చచ్చిన డయోడ్‌లోంచి అడ్డదారిన పోయింది. మనసులోనే ఆ డయోడ్‌కు దండం పెట్టుకున్నాను. పాఠంలో బొమ్మ గీసేటప్పుడు అది ఇంత పని చేస్తుందని ఎన్నడూ తోచలేదు.

డయోడ్‌ను ఊడదీయడం దగ్గర దెబ్బ తిన్నాను. ఐరన్ పెడితే లెడ్డు కరగదే. ఐదు సెకన్లు, పది సెకన్లు, నేను ఒత్తుతూనే ఉన్నాను. యూరప్‌లో 2006 జులై నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసం మీద ఆంక్ష ఉంది. అప్పటి నుంచి పెద్ద కంపెనీల బోర్డుల మీద ఎక్కువగా సీసం లేని సోల్డరే వాడుతున్నారు. అది 217 దాటితే గానీ కరగదు. పైగా మైనస్ వైపు రాగి వెడల్పు ఎక్కువ, పెట్టిన వేడినంతా అది పరుచుకుని తాగేస్తుంది. చివరికి కాలు కదిలింది. దాంతో పాటు గుండ్రటి రాగి రేకు కూడా చర్మం ఊడినట్టు లేచి వచ్చింది.

"అయ్యో" అన్నాను. ఆ షాపు అబ్బాయి చెప్పిన 'బోర్డు పోయింది' ఇప్పుడు నిజం చేశాననిపించింది.

కాక తొందరపడలేదు. "గట్టిగుంటె ముందు మన లెడ్డు కొంచెం కలపాలె బిడ్డా. కలిస్తె అది మెత్తబడ్తది. నేను చెప్పకపోతి." తప్పు తన మీద వేసుకున్నాడు. "రోడ్డు కొట్టుకపోతె చేన్లకెంచి పోమా?" అని, బ్లేడు ఇచ్చి, కొంచెం దూరంలో అదే రాగి దారి మీద పచ్చ రంగు గీకించాడు. కింద ఎర్రగా రాగి మెరిసింది. పారేసిన రెసిస్టర్ కాలు ముక్కతో ఆ రాగికీ డయోడ్ కాలుకూ వంతెన వేయించాడు. కొత్త డయోడ్ 1ఎన్4007, ఖరీదు 2 రూపాయలు. వెండి గీత ఎటుందో నాలుగుసార్లు చూసుకున్నాను. పాతదాన్ని పక్కన పెట్టుకుని మళ్ళీ చూసుకున్నాను.

పనిలో పనిగా బోర్డు మీదున్న కెపాసిటర్లన్నీ మార్చేద్దామన్నాను. వీడియోల్లో అందరూ అదే చేస్తారు. కాకకు కోపం వచ్చింది, ఆయనను కోపంగా చూసింది ఆ ఒక్కసారే. "మంచిగున్నదాన్ని ముడితె అది నీ రోగమైతది. ఉబ్బిందా? కారిందా? లేదు కదా, దాని జోలికి పోకు." రేకు ఊడగొట్టిన చేతులతో ఎదురు చెప్పలేకపోయాను.

ఫ్యూజు అదే రకం వరంగల్‌లో ఎక్కడా దొరకలేదు. పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక గంట తిరిగి తెచ్చుకున్నాను. ఫ్యూజు వెల 5 రూపాయలు, ప్రయాణం లెక్క మీకు చెప్పను.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు అడాప్టర్ పెట్టనివ్వలేదు. 6 సెల్లులు, వాటికి వరసలో ఒక బైక్ ఇండికేటర్ బల్బు. లోపల ఎక్కడైనా షార్ట్ మిగిలి ఉంటే బల్బు భగ్గున వెలిగి కరెంటును మితిమీరనివ్వదు, బోర్డు బతుకుతుంది. స్విచ్ వేస్తే బల్బు తంతి ఎర్రగా ఒక్కసారి మెరిసి మసకబారింది. కీబోర్డు తెర వెలిగింది. సా నొక్కాను, పలికింది. రి నొక్కాను, పలకలేదు.

61 మెట్లూ వరసగా నొక్కుకుంటూ పోయాం. 3, 11, 19, 27 ఇట్లా ప్రతి ఎనిమిదోది మూగ. మొత్తం 8 మెట్లు. సా ను సి గా పెడితే పోయినవి రి, కైశికి ని, ప్రతి మధ్యమం, మళ్ళీ రి, అట్లా. నడిమి స్థాయిలో మోహన రాగం వాయిస్తే రి దగ్గర కుంటుతుంది, దాని పై స్థాయిలో హాయిగా పలుకుతుంది. బోర్డు మాడ్చానని నాకు ఏడుపొచ్చేట్టుంది. కాక అన్నాడు, "గింత లెక్కతోని పోయిందంటె కాలింది కాదు. కాలేటిది లెక్క చూసి కాలుతదా?"

అప్పుడు నా చదువు అక్కరకొచ్చింది. 61 మెట్లకు 61 తీగలు లాగరు. 8 నిలువు, 8 అడ్డం, 16 తీగలు ఒకదాన్నొకటి దాటే చోట్లు 64 అవుతాయి, చోటుకో మెట్టు. ఒక నిలువు తీగ తెగితే ప్రతి ఎనిమిదో మెట్టు పోవాలి. మూడో మెట్టుతో మొదలైంది కాబట్టి మూడో తీగ. మెట్ల బోర్డు నుంచి పెద్ద బోర్డుకు పోయే బూడిదరంగు పట్టీ వైరును వంచి చూస్తే, టాకా మొదట్లో మూడో తీగ విరిగి ఉంది. రోజుకు పదిసార్లు బోర్డును అటు తిప్పి ఇటు తిప్పింది నేనే.

పక్కపక్కనే రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో 16 టాకాలు. మూడోదాన్ని అతికించాను. రి పలికింది, దాంతో పాటు పక్కనున్న సాధారణ గాంధారం కూడా పలికింది. రెండూ కలిసి పలికితే ఎట్లా ఉంటుందో విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, కాక చెవులు మూసుకున్నాడు. లెడ్డు మూడు, నాలుగు టాకాల మధ్య వంతెన కట్టింది. పాత వైరులోని రాగి పోగులను సోల్డర్ పేస్టులో (లెడ్డు బాగా అంటుకునేందుకు పూసేది) ముంచి, ఆ వంతెన మీద పెట్టి ఐరన్ ఆనించాను. వత్తి నూనె పీల్చినట్టు పోగులు మిగులు లెడ్డును పీల్చేశాయి. ఈసారి రి ఒక్కటే పలికింది. టాకా వైపు చూసి కాక ఏమీ అనలేదు. ఇంకో కస్టమర్ తెచ్చిన ఆంప్లిఫయర్ నా వైపు జరిపాడు.

డబ్బులు తీసుకోలేదు. నేను చేసిన మైక్ వైర్లకు ఆ లెక్క సరిపోయిందన్నాడు.

కార్తీక సోమవారం భజనకు కీబోర్డు మోసుకుపోయాను. వెనక సాకెట్ పక్కన తెల్ల పెయింటుతో '9 వోల్టులు, లోపల మైనస్' అని లావుగా రాశాను. అడాప్టర్‌ను దారంతో కీబోర్డుకే కట్టేశాను. మొదటి పాట అయ్యాక పెద్దాయన దగ్గరికొచ్చి మెట్లు ఒకసారి తడిమి, "ఏం పోయిందట బిడ్డా?" అని అడిగారు.

"డయోడ్ పోయిందట" అన్నాను.